మేనరికానికి బ్లడ్ గ్రూపులు చూస్తే సరిపోదు

ప్రశ్న: నా వయసు 24. మేనమామ కొడుకుతో నా పెళ్లి చేయాలని అమ్మమ్మ పట్టుబడుతోంది. బావ అంటే నాకూ ఇష్టమే. అయితే మా అమ్మానాన్నలదీ మేనరికమే. మేనరికమే చేసుకున్న పిన్నికి పుట్టిన కొడుక్కి పుట్టుచెవుడు. మా ఇద్దరి బ్లడ్ గ్రూపులు వేరు కాబట్టి భయం లేదని ఇంట్లో అంటున్నారు. ఈ పెళ్లి చట్టప్రకారం చెల్లదని స్నేహితురాలు అంటోంది. ఏం చేయాలి?

జవాబు: 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లిని నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చిన మాట నిజమే గానీ, వధూవరులిద్దరికీ వర్తించే ఆచారం అనుమతిస్తే అది చెల్లుతుందని అదే చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది. తరతరాలుగా మేనరికాలు జరుగుతున్న ఇల్లు కనుక ఆ బెంగ మీకు అక్కర్లేదు.

బెంగ పడాల్సింది బ్లడ్ గ్రూపుల మాటకే. మేనరికం ప్రస్తావన వచ్చిన చోటల్లా ఇది ఎందుకు వినిపిస్తుందో గానీ, గ్రూపులు వేరైనంత మాత్రాన జన్యులోపాల ముప్పు తగ్గదు. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అందినప్పుడే కొన్ని జబ్బులు బయటపడతాయి. మేనబావామరదళ్ల జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఉమ్మడివి. మీ అమ్మానాన్నలదీ మేనరికం కావడంతో మీ విషయంలో అది ఇంకొంత ఎక్కువే. తీవ్రమైన లోపంతో బిడ్డ పుట్టే అవకాశం మామూలుగా నూటికి 2, 3 ఉంటే, మేనరికంలో దాదాపు రెట్టింపవుతుంది. ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారన్నది నిజమే అయినా, ఇంట్లో పుట్టుచెవుడు కనిపిస్తున్నప్పుడు ఆ సగటు లెక్కతో సరిపెట్టుకోకూడదు.

ఆ చెవుడుకు ఇలాంటి జన్యువే కారణమైతే అది పిన్నిలో ఉన్నట్టే. ఆమె తోబుట్టువులైన మీ అమ్మగారికీ మేనమామకూ ఒక్కొక్కరికి అది ఉండే అవకాశం కనీసం సగం. వారి నుంచి మీ ఇద్దరికీ చేరి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అందుచేత పరీక్ష పిన్ని కొడుకుతో మొదలవ్వాలి. అతనిలో ఏ లోపం ఉందో తేలితేనే మీలో దేన్ని వెతకాలో డాక్టర్లకు తెలుస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకు మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఇలాగే తల్లిదండ్రులిద్దరి నుంచీ అందే రక్తవ్యాధి తలసీమియాకు కూడా అప్పుడే పరీక్ష చేయించుకోండి. పిన్నిని అడిగేటప్పుడు మాత్రం తప్పు ఆమెదన్నట్టు వినిపించకుండా, మీ అవసరంగానే అడగండి.

మీ ఉత్తరంలో బావ మాట ఒక్కటీ లేదు. చిన్నప్పటి నుంచి 'నీ పెళ్లాం' అని మేలమాడిన ఇంట్లో మగపిల్లవాడికైనా కాదనడం కష్టం. పెద్దలెవరూ లేనప్పుడు అతన్నే అడిగి, ఈ పరీక్షల సంగతి కూడా చెప్పండి. ముహూర్తం రిపోర్టులు వచ్చాకే పెట్టించమని అమ్మమ్మగారికి ఇద్దరూ కలిసి చెప్పండి.