మావాడు విమానాల మెకానిక్ అవుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

పాలకొల్లు దగ్గర నుంచి ఒక తండ్రి రాశారు. కొడుకు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడట, ఎప్పుడు చూసినా రొయ్యల చెరువు గట్టున జనరేటర్ షెడ్డులోనే ఉంటాడట, ఇప్పుడేమో చిన్న విమానాల ఇంజిన్లు చూసే ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) కోర్సు చేస్తానంటున్నాడట. అది మంచిదా, ఏరోనాటికల్ బీటెక్ మంచిదా అని అడిగారు.

అయ్యా, మీ బాధ కోర్సు గురించి కాదు. ఇంత చదివించి మెకానిక్‌ని చేశాడని చుట్టాలు అంటారేమోనని మీ టెన్షన్. చుట్టాల ప్రస్తావన రెండుసార్లు తెచ్చారు, మీవాడికి ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ఇది తప్పండీ.

ముందు ఆ పనేమిటో వినండి. సెస్నా 172 లాంటి చిన్న విమానం ఇంజిన్ అడుగున ఆయిల్ కనిపించిందనుకోండి, కారింది అక్కడ కాకపోవచ్చు. ఎగిరేటప్పుడు గాలికి ఆయిల్ వెనక్కీ కిందికీ పాకుతుంది, అసలు చోటు ముందు వైపు, పైన ఎక్కడో ఉంటుంది. అందుకే ఇంజిన్ కడిగి, ఆరబెట్టి, కాసేపు నడిపి ఆపి, టార్చి వేసి తడి ఎక్కడ మొదలైందో వెతుకుతారు. రాకర్ కవర్ గాస్కెట్టా, పుష్‌రాడ్ ట్యూబు సీలా, ముందున్న క్రాంక్‌షాఫ్ట్ సీలా? ఆ ముందు సీలు మార్చేసి ఊరుకున్నా మళ్లీ కారొచ్చు, ఎందుకంటే ఇంజిన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం పూడుకుపోయి లోపల ఒత్తిడి పెరిగినా సీలు తన్నుకొస్తుంది. ఇంధనం లీకైతే ఆవిరైపోతుంది గానీ, ఈ విమానాల పెట్రోలైన ఏవ్‌గ్యాస్‌లో కలిపే నీలం రంగు మరకగా మిగులుతుంది. వేడి ఎగ్జాస్ట్ పక్కన ఆ మరక చూసి, సంతకం పెట్టను, విమానం కదలదు అని చెప్పగలిగినవాడిని పట్టుకుని చిన్నచూపు చూస్తారా?

ఏరోనాటికల్ బీటెక్ మీద మాత్రం నాకు చాలా అనుమానాలున్నాయి. డిజైన్, లెక్కలు ఇష్టపడి పైచదువులకు వెళ్లేవాడికి అది మంచి చదువే. బ్రోచర్ మీద విమానం బొమ్మ చూసి చేరినవాళ్లే నాలుగేళ్లయ్యాక సాఫ్ట్‌వేర్ కోచింగ్ ఎక్కడ బాగుంటుందని మళ్లీ నా దగ్గరికొస్తున్నారు. ఒక్క ఆ డిగ్రీతో విమానం ఎగరొచ్చని రిలీజ్ చేసే సంతకం రాదు, డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉండాల్సిందే.

ఏఎంఈలో చేర్చేముందు ఆ సంస్థకు కార్-147 అనుమతి (ఏఎంఈ శిక్షణ ఇచ్చేందుకు డీజీసీఏ ఇచ్చేది) ఉందో లేదో డీజీసీఏ జాబితాలో మీరే చూసుకోండి, ఏజెంటు మాట నమ్మి ఫీజు కట్టకండి. పిస్టన్ ఇంజిన్ల విమానాలకు బీ1.2 లైసెన్సు, ఆ ఉద్యోగాలు ఎక్కువగా ఫ్లయింగ్ స్కూళ్లలోనే. ఎయిర్‌లైన్స్ జెట్‌లకైతే బీ1.1 కావాలి. పరీక్షలతో పాటు పని అనుభవం కూడా చూపించాలి కాబట్టి కోర్సు అవగానే మంచి జీతం వస్తుందని లెక్కలు వేసుకోకండి.

ఈ ఆదివారం మీరూ ఆ షెడ్డులో ఓ గంట కూర్చోండి. డీజిల్ కారుతుంటే మీవాడు ఓపిగ్గా తుడిచి చూస్తున్నాడా, చేతికందిన నట్టల్లా బిగించేస్తున్నాడా గమనించండి. తుడిచి చూసే రకమైతే ధైర్యంగా చేర్చండి. కాదంటే మళ్లీ రాయండి, ఇంకో దారి చూద్దాం.