జోడీ మార్చే ముందు ఎవరికి చెప్పాలి?

పిల్లల ఆటలు, శిక్షణ, పోటీల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు నెల్లూరు నుంచి ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయిని జవాబులు

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. మా పాపకి పదమూడేళ్లు. ఎనిమిదో ఏట నుంచి రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. మూడేళ్లుగా మా వీధిలోనే ఉండే అబ్బాయితో కలిసి ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో పెయిర్స్ చేస్తోంది. ఆ అబ్బాయిదీ అదే వయసు. ఇద్దరికీ రాష్ట్ర స్థాయిలో మెడల్ కూడా వచ్చింది. ఈ ఏడాది పాప ఒక్కసారిగా పొడుగైంది. ఆ అబ్బాయి లిఫ్ట్‌లో పాపని పైకి ఎత్తలేకపోతున్నాడు. విశాఖపట్నంలో పదిహేడేళ్ల అబ్బాయి ఒకడున్నాడట, అతని పార్ట్‌నర్ ఆట మానేసిందట. పాపని అక్కడికి ట్రయల్‌కి తీసుకెళ్లమని కోచ్ గారు అంటున్నారు. కుదిరేదాకా ఇక్కడి అబ్బాయి వాళ్లకి తెలియనివ్వొద్దని గట్టిగా చెప్పారు. వాళ్లమ్మా నేనూ రోజూ ఒకే ఆటోలో పిల్లల్ని ప్రాక్టీసుకి తీసుకెళ్తాం. ఆమె మొహం చూడాలంటేనే టెన్షన్‌గా ఉంది. మావారేమో "ఒలింపిక్స్ ఆడేవాళ్లే జోడీలు మారుస్తారు, నీకెందుకు బాధ" అంటున్నారు. పాప ఏమీ మాట్లాడటం లేదు. నన్నేం చెయ్యమంటారు?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీవారు చెప్పింది నిజమే, పెయిర్స్‌లో జోడీలు మారతాయి. మారడంలో తప్పు లేదు. కానీ "తెలియనివ్వొద్దు" అన్నారే, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ మాట. దాని సంగతి చివర్లో చెప్తాను.

ముందు మీవారి ఒలింపిక్స్ మాట. అల్యోనా సావ్‌చెంకో అని ఉక్రెయిన్‌లో పుట్టిన అమ్మాయి. జర్మనీ తరఫున రాబిన్ షోల్కోవితో ఐస్ స్కేటింగ్ పెయిర్స్‌లో ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది. 2014లో అతను రిటైరయ్యాడు. అప్పుడామె ఫ్రాన్స్ స్కేటర్ బ్రూనో మసోతో కొత్తగా జోడీ కట్టింది. అయితే దేశం మారే స్కేటర్‌ని పాత దేశపు సమాఖ్య విడుదల చేస్తేనే పోటీల్లో దిగనిస్తారు. ఫ్రాన్స్ వాళ్లు ఏడాదికి పైగా ఆ కాగితం ఇవ్వలేదు. ఒక సీజన్ మొత్తం ఇద్దరూ పోటీల్లేకుండా ప్రాక్టీసు మాత్రమే చేశారు. ఒలింపిక్స్‌లో అయితే జోడీలో ఇద్దరికీ ఆ దేశ పౌరసత్వం ఉండాలి. మసోకి జర్మన్ పౌరసత్వం వచ్చేసరికి 2017 చివరికొచ్చింది. 2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్ అయ్యాక నాలుగో స్థానంలో ఉన్నారు. రెండో భాగమైన ఫ్రీ స్కేట్‌లో అందర్నీ దాటి బంగారు పతకం గెలిచారు. అప్పటికి ఆమెకి 34 ఏళ్లు. ఈ కథ మీవారికి పూర్తిగా చెప్పండి. అక్కడ జోడీ మారింది కాగితం మీద, అందరికీ తెలిసి. పైగా పాత పార్ట్‌నర్ తనంతట తాను ఆట నుంచి తప్పుకున్నాకే.

అన్నీ అలాగే జరగవు. 2016లో చైనాలో రెండు జోడీలను విడదీసి అమ్మాయిల్ని అటుదిటు ఇటుదటు మార్చారు. యూ షియావోయూ, జిన్ యాంగ్ కలిసి రెండుసార్లు జూనియర్ ప్రపంచ చాంపియన్లయిన జోడీ. ఆ అమ్మాయిని సీనియర్ అయిన జాంగ్ హావోకి జత చేసి, అతనితో ఆడుతున్న పెంగ్ చెంగ్‌ని జిన్ యాంగ్‌తో కలిపారు. మన ఒంగోలు వైపు బండలాగుడు పోటీల్లో ఒక రైతు గిత్తకి ఇంకో రైతు గిత్తని కలిపి జత కట్టడం మీకు తెలిసిందే. ఏది దాపటికి పనికొస్తుందో, ఏది వెలపటికో చూసి కడతారు, గిత్తని అడగరు. మీ పాపని మాత్రం అడగాలి. మీ ఉత్తరంలో కోచ్ గారి మాట ఉంది, మీవారి మాట ఉంది, మీ బాధ ఉంది. పాప మాట ఒక్కటీ లేదు. మాట్లాడకపోవడం ఒప్పుకోవడం అనుకోకండి. నా సర్వీసంతా ఆడపిల్లల హైస్కూళ్లలోనే గడిచింది. ఆ వయసులో పిల్ల నోరు మూసుకుందంటే, ఏం చెప్పినా ఎవరో ఒకరు బాధపడతారని దానికి తెలిసిపోయిందన్నమాట. ఇంట్లో మీరిద్దరే ఉన్నప్పుడు, మీవారు లేకుండా, కోచ్ లేకుండా అడగండి. "నీకు పెయిర్స్ ఇష్టమా, ఈ అబ్బాయితో చెయ్యడం ఇష్టమా, రెండూ వేరు వేరుగా చెప్పు" అనండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, పెయిర్స్‌లో పడేది ఆడపిల్ల. ఎత్తేవాడి చెయ్యి జారినా, విసిరేవాడి లెక్క తప్పినా నేలకి తగిలేది ఆమె తల. రష్యా అమ్మాయి యెలేనా బెరెజ్నాయా మీ పాప వయసులోనే, పదమూడేళ్లకే, శిక్షణ కోసం ఇల్లు వదిలి మాస్కో వెళ్లింది. ఒలెగ్ ష్ల్యాఖోవ్ అనే అతనితో జోడీ కట్టి లాట్వియా తరఫున ఆడింది. అతను ఆమె మీద చెయ్యి చేసుకునేవాడని తర్వాత లోకమంతా తెలిసింది. 1996 జనవరిలో రిగాలో ప్రాక్టీసు చేస్తుండగా, పక్కపక్కన స్పిన్ తిరుగుతున్నప్పుడు అతని స్కేటు బ్లేడు ఆమె తలకి తగిలి పుర్రెలోకి దిగింది. మెదడుకి ఆపరేషన్ చేశారు. మాట పడిపోయింది. మళ్లీ మాట్లాడటం, నడవడం నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అంతోన్ సిఖరులిద్జే ఆమెకి తోడు నిలిచాడు. కోచ్ తమారా మోస్క్వినా దగ్గర ఇద్దరూ కలిసి 1998 నగానోలో వెండి, 2002 సాల్ట్ లేక్ సిటీలో బంగారం గెలిచారు. జోడీ మార్చడం ఎప్పుడు తప్పనిసరో ఈ కథ చెప్తుంది. దెబ్బ కొట్టేవాడి దగ్గర, భయపెట్టేవాడి దగ్గర ఒక్కరోజు కూడా ఉండకూడదు. అలాంటప్పుడు ఎవరికి ముందు చెప్పాలి, ఎవరు నొచ్చుకుంటారు అన్న లెక్కలేవీ ఉండవు.

మీ పాపతో ఆడే అబ్బాయి విషయంలో అలాంటిదేమీ లేదు కదా, పొడుగు ఒక్కటే సమస్య. దానికి కోచ్ గారు మీకు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. ఆడపిల్లలు మగపిల్లల కంటే సుమారు రెండేళ్ల ముందు పొడుగు సాగుతారు. పదమూడేళ్ల మగపిల్లాడు ఇప్పుడు పొట్టిగా ఉన్నాడని పదహారుకీ అలాగే ఉంటాడనుకోకూడదు. ఈ రెండేళ్లూ తల మీదుగా ఎత్తే లిఫ్టులు పక్కన పెట్టొచ్చు. కపుల్ డ్యాన్స్ విభాగం ఉంది, అందులో అలాంటి లిఫ్టులుండవు. ఇద్దరూ కలిసి అందులో ఎంట్రీ వేసుకోవచ్చు. ఐస్ మీద కూడా పెద్దవాళ్లు ఇప్పుడు తొందర తగ్గిస్తున్నారు. సీనియర్ విభాగంలో ఆడటానికి కనీస వయసు పదిహేను ఉండేది. 2022లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య దాన్ని మెల్లగా పదిహేడుకి పెంచాలని నిర్ణయించింది. మీ పాపకి చాలా టైముంది.

ఇన్ని చెప్పాక కూడా, పాప తనంతట తాను "వెళ్తానమ్మా" అంటే ట్రయల్‌కి తీసుకెళ్లండి. చిన్న ఊరి పిల్లకి పెద్ద ఆశ ఉండటం తప్పేం కాదు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా, అవనీ పంచాల్‌తో కలిసి ఈ రోలర్ పెయిర్స్‌లోనే కాంస్యం తెచ్చాడు. ట్రయల్‌లో మీరు చూడాల్సింది ఆ అబ్బాయి బలం ఒక్కటే అనుకోకండి. ఇద్దరూ ఒకే వైపు తిరుగుతారా చూడండి. ఒకరు కుడికీ ఒకరు ఎడమకీ తిరిగే అలవాటుంటే పక్కపక్కన స్పిన్నులు, జంపులు కుదరడం చాలా కష్టం. లిఫ్ట్‌కి ముందు పాప చేతుల్ని గమనించండి. అతని భుజం మీద చెయ్యి వేసి, ఎగరబోయే ముందు ఒక్క క్షణం ఆగి వేళ్లు బిగిస్తోందంటే భయపడుతోందని అర్థం. ఆ భయం గంట తర్వాత తగ్గితే పరవాలేదు. తగ్గకపోతే ఇంటికి వచ్చెయ్యండి. పాప కింద పడినప్పుడు ఆ అబ్బాయి ముందు ఎవరి వైపు చూస్తాడో కూడా గమనించండి, పాప వైపా, కోచ్ వైపా అని. పదిహేడేళ్ల అబ్బాయి, పదమూడేళ్ల పిల్ల. ప్రాక్టీసు జరిగినంతసేపూ మీరో, మీవారో అక్కడ కూర్చోవాల్సిందే. ఎవరైనా వద్దంటే అక్కడితో ఆ మాట ఆపెయ్యండి.

ఒంగోలు నుంచి విశాఖ దాదాపు 500 కిలోమీటర్లు. కుదిరితే పాప ఎక్కడుంటుంది, చదువేమవుతుంది అన్నది ట్రయల్‌కి ముందే తేల్చుకోండి. ఎకతెరీనా అలెగ్జాండ్రోవ్‌స్కాయా అనే మాస్కో అమ్మాయి పదహారేళ్ల వయసులో ఆస్ట్రేలియా స్కేటర్ హార్లీ విండ్సర్‌తో జోడీ కట్టి సిడ్నీ వెళ్లింది. 2017లో జూనియర్ ప్రపంచ చాంపియన్లు అయ్యారు, 2018 ఒలింపిక్స్‌లో ఆడారు. 2020లో ఆరోగ్యం దెబ్బతిని ఆట మానేసింది. అదే ఏడాది జూలైలో ఇరవయ్యేళ్లకే మాస్కోలో చనిపోయింది. దానికి ఎవరినీ తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ పిల్లని దూరం పంపే ముందు ఆ పిల్ల పేరు తలుచుకోకుండా ఉండలేను.

ఇక ఆ రహస్యం సంగతి. అమ్మా, ట్రైను టికెట్ కొనే ముందు ఆ తల్లికి చెప్పండి. ఆటోలో పిల్లల ముందు చెప్పకండి, ఫోన్లో అసలే వద్దు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లండి. "కోచ్ గారు ఇలా అన్నారు, మేమింకా ఏమీ అనుకోలేదు, మీకు తెలియకుండా వెళ్లడం నాకిష్టం లేదు" అని చెప్పండి. ఆమెకి కోపం రావచ్చు, నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. కానీ ఆ నాలుగు రోజుల్లో వాళ్ల అబ్బాయికి ఏ దారి ఉందో వాళ్లూ వెతుక్కోగలరు. రహస్యంగా ఉంచితే ఆ పిల్లాడికి దక్కకుండా పోయేది అదే. మీరేమో పార్ట్‌నర్ దొరికాక చెప్తారు, వాడికేమో సీజన్ మధ్యలో ఎవరూ దొరకరు. కుదరకపోతే మీ పాప వెనక్కి రావడానికి ఒక జోడీ చేతిలో ఉంటుందని కోచ్ గారి ఆలోచన కావచ్చు. అలా ఒక పిల్లాడిని స్పేర్‌లో పెట్టుకోవడం నాకు నచ్చలేదు. ఈ మాట కోచ్ గారికి కూడా మీరే చెప్పండి. ఆయన కోప్పడితే, పాపని ఆయన దగ్గరే ఇంకా ఎన్నాళ్లు ఉంచాలో ఆలోచించండి.

ప్రశ్న: ఎవరితో ఆడాలో సంఘమే నిర్ణయిస్తే ఆటగాళ్లు కాదనవచ్చా? దేశం కోసం ఆడేటప్పుడు సొంత ఇష్టాలు పక్కన పెట్టొద్దా?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: కాదనవచ్చు, కాకపోతే కారణం చెప్పి, ముందుగా కాదనాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌కి ముందు మన టెన్నిస్‌లో ఏం జరిగిందో చూడు. సంఘం మొదట పేస్, భూపతి జంటని ఖరారు చేసింది. భూపతి పేస్‌తో ఆడనన్నాడు, బోపన్న కూడా అదే మాటన్నాడు. చివరికి భూపతి, బోపన్న ఒక జట్టుగా, పేస్, మన విష్ణువర్ధన్ ఇంకో జట్టుగా వెళ్లారు. మిక్స్‌డ్‌లో సానియాని పేస్‌కి జత చేశారు. అదే జూన్‌లో ఆమె భూపతితో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్ గెలిచి వచ్చింది. ఒకరిని బుజ్జగించడానికి తనని ఎరగా వాడుకున్నారని ఆమె బహిరంగంగానే ప్రకటన ఇచ్చింది. అయినా వెళ్లి పేస్‌తో ఆడింది. మగాళ్ల తగాదా తీర్చడానికి ఆమెని అడగకుండా ఆమె జోడీని తీసేసుకోవడం అన్యాయమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. దేశం పేరు చెప్పి ఒకరి నోరు మూయించకూడదు.

ప్రశ్న: నాకు పదహారేళ్లు. షటిల్ డబుల్స్ ఆడతాను. నాలుగేళ్లు కలిసి ఆడిన నా పార్ట్‌నర్ జిల్లా పోటీల్లో వేరే అబ్బాయితో ఎంట్రీ వేశాడు. డ్రా షీట్ గోడకి అంటించాక చూసి తెలుసుకున్నాను. అప్పటి నుంచి రాకెట్ ముట్టుకోబుద్ధి కావడం లేదు.
– కోవూరు

జవాబు: నాయనా, అతను ఇంకొకరితో ఆడాలనుకోవడం అతని హక్కు. నువ్వు గోడ మీద చదువుకునేలా చెయ్యడం మాత్రం తప్పు. నీకు కోపం రావడం న్యాయమే.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ చిన్నప్పుడు జూనియర్స్‌లో గారగ కృష్ణప్రసాద్‌తో ఆడేవాడు. మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ వచ్చి ఆ జోడీని విడదీసి, సాత్విక్‌ని చిరాగ్ శెట్టితో కలిపాడు. ఆ తర్వాత సాత్విక్ ఎంత ఎత్తుకి వెళ్లాడో నీకు తెలుసు. కృష్ణప్రసాద్ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. అతను పంజాల విష్ణువర్ధన్ గౌడ్‌తో జోడీ కట్టాడు. 2022లో భారత్ మొదటిసారి థామస్ కప్, అంటే మగవాళ్ల జట్ల ప్రపంచ పోటీ, గెలిచిన జట్టులో సాత్విక్, కృష్ణప్రసాద్ ఇద్దరూ ఉన్నారు. ఐస్ స్కేటింగ్‌లో ఉక్రెయిన్ అతను స్తానిస్లావ్ మొరోజోవ్ ఉన్నాడు. పైన చెప్పిన సావ్‌చెంకో ఒకప్పుడు అతని పార్ట్‌నరే, ఇద్దరూ 2000లో జూనియర్ ప్రపంచ చాంపియన్లు. తర్వాత తతియానా వొలొసోఝార్‌తో ఆడాడు. 2010లో అతను పోటీలు మానేశాక ఆమె రష్యా వెళ్లి మాక్సిమ్ త్రాన్‌కోవ్‌తో జోడీ కట్టింది. మొరోజోవ్ ఆ కొత్త జోడీకే కోచ్‌గా పనిచేశాడు. 2014లో సోచీలో వాళ్లు బంగారం గెలిచారు. అంత పెద్ద మనసు నీకు ఇప్పుడే రావాలని నేననను.

ఈ వారం రాకెట్ పట్టుకోకపోయినా పరవాలేదు. వచ్చే వారం నుంచి మాత్రం కోర్టుకి వెళ్లు. ఎడమచేతి వాటం అబ్బాయిలు ఎవరైనా ఉన్నారేమో చూడు. కుడి, ఎడమ కలిసిన జోడీకి మధ్యలో పడే షటిల్ ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి, అది కుదిరితే ఎదుటివాళ్లకి చాలా ఇబ్బంది. నీ పాత పార్ట్‌నర్‌ని ఒక్కసారి పక్కకి పిలిచి "నాకు ముందే చెప్పాల్సింది" అని ఆ ఒక్క మాట అను, తగాదా పెట్టుకోకు. కొత్త పార్ట్‌నర్ కుదిరిన రోజున ఇద్దరూ ఒక మాట అనుకోండి. ఎవరు వెళ్లాలనుకున్నా ఎంట్రీల గడువుకి నెల ముందు చెప్పాలి, అదీ నేరుగా. ఆ మాట రెండిళ్లలోనూ, మీ కోచ్‌కీ చెప్పండి.