1936లో ఏం జరిగింది? రెండు మార్కులు

స్కూలు చరిత్ర పుస్తకంలో మీవాళ్లు లేరని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగారు. అనిపించింది. లేనిది మావాళ్లొక్కరే కాదని తెలియడానికే ఇంకొంత కాలం పట్టింది.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. ఏటా ఏప్రిల్ 1న ఉత్కళ దినం. 1936లో ఒడిశా ఎలా ఏర్పడిందో, అందుకు మా మహారాజు కృష్ణచంద్ర గజపతి ఎంత పాటుపడ్డారో చెప్పేవారు. అబద్ధమేం కాదు. కానీ ఇంటికొస్తే తాత అరుగు మీంచి, "మరి గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఆ ఏడే ఊరొదిలి ఎందుకెళ్లిపోయారో చెప్పారేటి మీ మాస్టారు?" అనేవాడు. పర్లాని ఒడిశాలో కలపడం నచ్చకనే అని తాత చెప్తేనే తెలిసింది. మార్కులు రావు కాబట్టి పరీక్షలో నేనూ రాయలేదు.

ఇంతవరకూ మా ఏడుపు.

మా క్లాసులో గుమ్మ కొండల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర తెగ కుర్రాడొకడుండేవాడు. పాఠంలో సవరలంటే విల్లు పట్టుకున్న బొమ్మ, కింద వేట, పోడు అని నాలుగు ముక్కలు. వాడు లేచి, ఒడియా బళ్లో మాస్టారిని పిలిచినట్టే "ఆజ్ఞా, మాకు కొండ మీద మళ్లున్నాయి, వరి పండిస్తాం" అన్నాడు. కొండ మీద వరేంట్రా అని మాస్టారు నవ్వారు. క్లాసంతా నవ్వింది. నేనైతే ఇంకాస్త గట్టిగానే నవ్వాను.

దసరా సెలవులకి వాళ్లూరు తీసుకెళ్లాడు. కొండవాలు పొడుగునా మెట్లు మెట్లుగా మళ్లు. గట్లన్నీ రాళ్లే, సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి కూర్చినవి. పై మడి నిండి కింది మడిలోకి నీళ్లు జారుతున్నాయి. ఇంట్లో ఎర్రమట్టి గోడ మీద తెల్లగా వరిపిండి బొమ్మలు: గుర్రాలు, నెమళ్లు, చేతులు పట్టుకున్న మనుషులు. ముగ్గా అని అడిగాను. "ఇడితల్. చచ్చిపోయిన పెద్దలకి వేస్తాం" అన్నాడు. ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

మన సంగతీ చెప్పాలి. గిడుగు వారు సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారని, సవర పిల్లలకి బళ్లు పెట్టారని ఆగస్టు 29 సభల్లో చెప్పుకుంటాం. ఆ నేర్పిన మనిషి పేరు నేను విన్న ఏ ఉపన్యాసంలోనూ రాలేదు. మా తాతా చెప్పలేదు. సవర ఒడియాకీ, తెలుగుకీ కూడా చుట్టం కాదు, ముండా కుటుంబం భాష. దానికి సొరా సొంపెంగ్ (సొరా అంటే సవరే) అనే లిపిని సవరల్లోనే ఒకాయన, మంగెయి గొమాంగో, తయారుచేశారు. ఎప్పుడనుకున్నారు? అదే 1936లో.

ఈ సంగతి నలభయ్యేళ్లొచ్చాక తెలిసి, కనిపెట్టినట్టు వాడికి ఫోన్ చేశాను.

"తెలుసురా," అన్నాడు. "అప్పుడు రాసుంటే రెండు మార్కులూ వేసేవాడా ఆజ్ఞా?"