క్యాన్సర్ డాక్టరునవుతానంటున్న అమ్మాయికి బయోటెక్నాలజీ దగ్గర దారేనా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా అమ్మకు అడ్డపొగ (చుట్టను నిప్పు నోట్లోకి పెట్టి కాల్చడం) అలవాటు ఉండేది. అంగిట్లో క్యాన్సర్ వచ్చి చనిపోయింది. అప్పటి నుంచి అమ్మాయి క్యాన్సర్ డాక్టరునే అవుతానంటోంది. పెళ్లీడు దాటిపోతుందని వాళ్లమ్మ బెంగ. బయోటెక్నాలజీ డిగ్రీ చేస్తే క్యాన్సర్ పరిశోధనలో త్వరగా స్థిరపడుతుందని బంధువులు అంటున్నారు. ఏది మేలు?

జవాబు: ఆ ‘త్వరగా’ అన్నది నిజం కాదు. డిగ్రీకి 3 ఏళ్లు, ఎమ్మెస్సీకి 2 ఏళ్లు, సొంతంగా పరిశోధన చేయాలంటే ఆపైన పీహెచ్‌డీకి సుమారు 5 ఏళ్లు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. రేడియేషన్‌తో వైద్యం చేసే రేడియేషన్ ఆంకాలజీలో ఎండీ మరో 3 ఏళ్లు. మందులతో వైద్యం చేసే మెడికల్ ఆంకాలజీకైనా, క్యాన్సర్ శస్త్రచికిత్సకైనా ఎండీ, ఎంఎస్ తర్వాత ఇంకో 3 ఏళ్లు పడుతుంది. కానీ వీటిలో ఏ శాఖ అన్నది ఇప్పుడు తేల్చుకోవలసిన విషయం కాదు.

బయోటెక్నాలజీ మీద నా అనుమానం కాలం గురించి మాత్రమే కాదు. సరైన ప్రయోగశాల లేని కాలేజీలు కూడా ఆ కోర్సును పరిశోధన పేరు చెప్పి అమ్ముతున్నాయి. డిగ్రీతో ఆగిపోయినవారు చాలామంది చివరికి సంబంధం లేని ఉద్యోగాల్లో చేరుతున్నారు. ప్రయోగశాలంటే ప్రాణం పెట్టే పిల్లలు పరిశోధనకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ సాధించి హైదరాబాద్‌లోని సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థలకు వెళ్లగలరు. మీ అమ్మాయి కోరుకున్నది రోగి పక్కన నిలబడటం.

బెంగ వాళ్లమ్మదని రాశారు. మీది కూడా అదే, కాదా? కొడుకే అయితే ఈ ప్రశ్న రాసేవారా? ఎంబీబీఎస్ అయ్యాక పెళ్లి చేసుకుని పీజీ చదువుతున్న అమ్మాయిలు ఎందరో ఉన్నారు. పరీక్షల ముందు పెళ్లి మాట మాత్రం ఆమె చెవిన వేయకండి.

రోజూ చావును చూస్తూ కుంగిపోతుందేమోనన్న భయమూ అక్కర్లేదు. తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే క్యాన్సర్లు చాలా ఉన్నాయి. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పును నోటి లోపలికి పెట్టి చుట్ట కాల్చడానికీ, అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని పరిశోధకులు 1960ల నుంచి రాస్తూనే ఉన్నారు. నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూస్తే అంగిట్లో మార్పులు కనిపిస్తాయి. అలా చూసే డాక్టరు మన పల్లెలకు ఎంత అవసరమో మీ ఇంటికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఎంబీబీఎస్ సీటు రాకపోతే పొలం అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొనకండి. దంతవైద్యం (బీడీఎస్), బీఎస్సీ నర్సింగ్, రేడియోథెరపీ టెక్నాలజీ ఉన్నాయి. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి లాంటి చోట ఒక్క డాక్టర్లతోనే చికిత్స నడవదు. చేర్పించే ముందు ఆ కాలేజీ పిల్లలకు ఏ ఆస్పత్రిలో శిక్షణ ఇస్తున్నారో స్వయంగా వెళ్లి కనుక్కోండి.