పాతిక లక్షలు కూడబెట్టాకే ఆ బిడ్డని తెచ్చుకోవాలా?

కావలి నుంచి ఒకావిడ రాశారు, పేరు వేయొద్దన్నారు. ఆమెకి 35, భర్తకి 38. ఆయన రొయ్యల మేత కంపెనీలో సూపర్‌వైజరు, చేతికి 52 వేలు వస్తుంది. ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుడతారు, నెలకి 11 వేల దాకా మిగులుతుంది. తొమ్మిదేళ్ల పాప ఉంది. రెండో బిడ్డని దత్తత తీసుకోవాలని ఎప్పటి నుంచో ఉంది. ఈమధ్య దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా వెబ్‌సైట్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి చదివాక, సెరిబ్రల్ పాల్సీ (మెదడుకి దెబ్బ తగిలి కదలికలకి ఇబ్బంది అయ్యే సమస్య) ఉన్న మూడు నాలుగేళ్ల బాబునైనా సరే తెచ్చుకుందామని ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. అత్తగారు మాత్రం "ఉన్న పిల్లకి చేసుకోక ఎవరి బిడ్డకో ధారపోస్తారా" అంటున్నారట. ఇంటి లోన్ ఈఎంఐ 14,500, ఐదు లక్షల చీటీకి నెలకి 10 వేలు (ఇంకా 11 నెలలుంది, పాడుకోలేదు), పాప ఫీజు, వ్యాను 5,500, ఎల్‌ఐసీ 3 వేలు, ఇంటి ఖర్చు, పెట్రోలు కలిపి 25 వేలు. బ్యాంకులో 3 లక్షల డిపాజిట్, నగల మీద 2 లక్షల లోను, దానికి ఏటా వడ్డీ కట్టి తిరగరాయించుకుంటున్నారు. "సర్, ఇలాంటి బిడ్డని తెచ్చుకోవాలంటే ముందు 25 లక్షలు పక్కన ఉండాలని మావారి ఫ్రెండు అన్నాడు. నిజమేనా?" అని అడిగారు.

నిజం కాదమ్మా. ఆ 25 లక్షలు ఎవరూ లెక్క వేసి చెప్పింది కాదు. నెలకి మీకు మిగిలే ఐదు వేలతో అంత కూడబెట్టాలంటే, వడ్డీ సంగతి పక్కన పెడితే, నలభై ఏళ్లు దాటుతుంది. ఈ అంకె భయపెట్టడానికే తప్ప ఇంకెందుకూ పనికిరాదు. అసలు ఇలాంటి బిడ్డకి ఒక్కసారిగా పెద్ద మొత్తం అవసరమయ్యేది చాలా తక్కువ. చిన్న చిన్న మొత్తాలు, ఏళ్ల తరబడి, నెల తప్పకుండా అవసరమవుతాయి. అందుకని మూట కంటే నెల లెక్క ముఖ్యం, ఆ లెక్క ఇప్పుడు మీ ఇంట్లో కుదరడం లేదు, కానీ ఏడాదిలో కుదురుతుంది.

ప్రత్యేక అవసరాలు అనే మాట కింద రకరకాల పిల్లలు వస్తారు. గ్రహణం మొర్రి, గుండెలో రంధ్రం లాంటివి ఆపరేషన్‌తో చాలావరకు సర్దుకునేవి, వాటికి ఉచితంగా చేసే చోట్లు కూడా ఉన్నాయి, మనకి దగ్గర్లో తిరుపతిలోనే చిన్నపిల్లల గుండె ఆపరేషన్ల కోసం టీటీడీ 2021లో పెట్టిన ఆసుపత్రి ఉంది. వినికిడి లేని బిడ్డకి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కి ప్రభుత్వ సాయం దొరుకుతుంది, కానీ ఆ తర్వాత బ్యాటరీలు, కేబుళ్లు, కొన్నేళ్లకి బయటి మిషను మార్చడం, ఏళ్ల తరబడి స్పీచ్ థెరపీ, ఇవన్నీ తల్లిదండ్రుల మీదే. సెరిబ్రల్ పాల్సీ ఈ రెండో కోవలోది. మెదడుకి తగిలిన దెబ్బ పెరగదు, కానీ బిడ్డ పెరిగేకొద్దీ కండరాలు బిగుసుకుంటాయి కాబట్టి ఫిజియోథెరపీ ఆపకూడదు. ఆపితే అప్పటిదాకా సాధించింది కూడా పోతుంది.

అందుకే బాబు మెడికల్ రిపోర్ట్ చేతికొచ్చాక తొందరపడి ఒప్పుకోవద్దు. మీకు నచ్చిన డాక్టరుకి చూపించుకునే హక్కు మీకుంది. నెల్లూరులోనో చెన్నైలోనో పిల్లల న్యూరాలజిస్ట్ దగ్గర కూర్చుని, సెరిబ్రల్ పాల్సీలో ఒకటి నుంచి అయిదు దాకా లెవెల్స్ ఉంటాయి, ఈ బాబుది ఏ లెవెల్ అని అడగండి. ఒకటి, రెండు లెవెల్స్ పిల్లలు నడుస్తారు. అయిదో లెవెల్ బిడ్డని ఎత్తుకుని తిప్పాలి, జీవితమంతా. ఫిట్స్ ఉన్నాయా, మింగడంలో ఇబ్బంది ఉందా, చూపు, వినికిడి ఎలా ఉన్నాయి, ఇవీ అడగండి. ఒక్కో జవాబుకీ నెల ఖర్చు మారిపోతుంది. ఇది బిడ్డని బేరమాడటం కాదు, తెచ్చుకున్నాక మధ్యలో చేతులెత్తేయకుండా ఉండటానికి.

ఇక ఆ నెల ఖర్చు ఎలా ఉంటుందో చెబుతాను. ఒంగోలు వైపు నుంచి నా దగ్గరికి వచ్చే ఒక తల్లి చిన్న రూళ్ల నోటుబుక్కు రాస్తుంది, వాళ్ల అబ్బాయిదీ ఇదే సమస్య. అందులో ప్రతి పేజీకీ నాలుగు గళ్లు గీసి ఉంటాయి: ఫిజియో, ఆటో, మందులు, నాలుగోది "కుట్టలేదు". ఆమె కూడా మీలాగే మిషను కుడుతుంది. బాబుని థెరపీకి తీసుకెళ్లిన రోజు వదులుకున్న పని విలువ ఆ గళ్లో వేసుకుంటుంది, ఎవరూ చెప్పకుండానే. నెలాఖరుకి నాలుగో గడి కూడితే చాలాసార్లు ఫిజియో గడి కంటే ఎక్కువ వస్తుంది. ఇలాంటి బిడ్డల విషయంలో ఇంట్లో అసలు ఖర్చు ఇదేనమ్మా, తల్లి సంపాదన. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మీ ఉత్తరంలో కూడా మీ 11 వేలని యథాతథంగా వేసేసుకున్నారు.

ప్రైవేటులో ఫిజియో సిట్టింగ్‌కి సుమారు 500 అనుకుని, వారానికి మూడు వేస్తే నెలకి ఆరున్నర వేలు. స్పీచ్ థెరపీ కూడా కావాల్సి వస్తే నాలుగు వేలు. రాకపోకలు రెండున్నర వేలు. కాళ్లకి ఆసరాగా వేసే పట్టీలు, బూట్లు బిడ్డ పాదం పెరిగినప్పుడల్లా మార్చాలి, దానికీ మందులకీ నెలకి వెయ్యి పక్కన పెట్టండి. మొత్తం 14 వేలు. మీ కుట్టుపని మొదటి ఏడాది సగానికి పడిపోతుంది అనుకుందాం, ఇంకో ఐదున్నర వేలు. అంటే నెలకి 20 వేల దాకా కావాలి, మీ దగ్గర మిగిలేది ఐదు. ఈరోజు బాబు ఇంటికి వస్తే మూడో నెలకల్లా క్రెడిట్ కార్డు గీకుతారు, లేదా మిగిలిన నగలు కూడా బ్యాంకుకి వెళ్తాయి.

పదకొండు నెలల తర్వాత సంగతి వేరు. చీటీ అయిపోతే నెలకి 10 వేలు చేతిలోకి వస్తాయి, దగ్గర దగ్గర ఐదు లక్షలూ వస్తాయి. అందులో 2 లక్షలు పెట్టి ముందు నగలు విడిపించండి, ఏటా వడ్డీ కట్టి తిరగరాయించడం ఇక చాలు. 2 లక్షలు ఇప్పుడున్న డిపాజిట్‌కి కలపండి, ఆ ఐదు లక్షలు అత్యవసరానికే, ఇంకో స్థలం అడ్వాన్సుకి తీయొద్దు. మిగిలిన లక్ష దత్తత ఫీజులకి, మొదటి మూడు నెలల పరీక్షలకి, ప్రయాణాలకి. దత్తతకి కారా నిర్ణయించిన ఫీజులన్నీ కలిపినా లక్ష లోపే, ప్రతిదానికీ రసీదు ఇస్తారు. రసీదు లేకుండా డబ్బడిగితే అది దత్తత కాదు. ఫలానా ఆసుపత్రిలో, ఫలానా నర్సు ద్వారా బిడ్డ దొరుకుతుందని ఎవరైనా అంటే అక్కడికక్కడే వెనక్కి వచ్చేయండి, అలా తెచ్చుకుంటే జైలుకి వెళ్లే నేరం, బిడ్డని కూడా తీసుకెళ్లిపోతారు.

అయినా నెలకి 20 వేలకి 15 వేలే అయ్యాయి కదా అంటారు. ఆ ఐదు వేల గండి పూడ్చడానికి మనకి నెల్లూరులో మంచి అవకాశం ఉంది. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ కింద పనిచేసే కాంపోజిట్ రీజినల్ సెంటర్, అందరూ సీఆర్‌సీ అంటారు, నెల్లూరులో ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ, వైకల్యం ఉన్న పిల్లలకి అన్ని రకాల థెరపీలూ ఒకే చోట దొరుకుతాయి, ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. కావలి నుంచి రైల్లో గంట లోపు. రైల్వే అడిగే వైకల్య సర్టిఫికెట్ వచ్చాక బాబుకీ, వెంట వెళ్లే మీకూ టిక్కెట్టులో రాయితీ ఉంటుంది. స్కూళ్లకి అనుబంధంగా మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఉచితం. రోజూ నెల్లూరు వెళ్లక్కర్లేదు, సీఆర్‌సీలో నేర్పించిన వ్యాయామాలు మీరు ఇంట్లో చేయించి, వారానికోసారి చూపించుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది. ఈ రెండు చోట్లకీ బాబు రాకముందే ఒకసారి వెళ్లి రండి. అక్కడ వరండాలో కూర్చున్న తల్లులతో ఒక గంట మాట్లాడితే, నేను ఇక్కడ రాసేదాని కంటే ఎక్కువ తెలుస్తుంది.

పన్ను మినహాయింపు వస్తుందని, పింఛను వస్తుందని కూడా మీకు ఎవరో చెప్పారన్నారు. రెండూ మీ లెక్కలో వేసుకోవద్దు. వైకల్యం ఉన్న బిడ్డని పోషించేవాళ్లు పన్ను లెక్కలో ఆదాయం నుంచి 75 వేలు, తీవ్ర వైకల్యమైతే లక్షా పాతిక వేలు తగ్గించుకోవచ్చు, కానీ అది పాత పన్ను విధానంలోనే. మీవారి జీతానికి కొత్త విధానంలో అసలు పన్నే పడదు, లేని పన్నులో మినహాయింపు ఏముంటుంది. ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకి 6 వేల పింఛను ఇస్తున్న మాట నిజమే, మీ ఆదాయం దాని పరిమితి దాటుతుంది. అయినా వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ మాత్రం తప్పకుండా తీసుకోండి, మిగతా వాటన్నిటికీ అవే తాళం చెవులు.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాకి కూడా అవే కావాలి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి ఏడాదికి లక్ష దాకా ఇస్తారు, థెరపీ ఖర్చుకి కూడా కొంత పరిమితి మేరకు వస్తుంది. కట్టేది వందల్లోనే, ముందస్తు వైద్య పరీక్షలుండవు. బిల్లులు పెట్టి తర్వాత తెచ్చుకోవడమే, కాబట్టి ఫిజియో దగ్గర ప్రతిసారీ బిల్లు అడిగి తీసుకోండి, మొహమాటపడొద్దు. మీవారి కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో బాబు పేరు ఎక్కించడానికి మాత్రం ఒక్క వారం కూడా ఆలస్యం చేయొద్దు. బిడ్డ మీ చేతికొచ్చిన రోజే కాగితాలు జతచేసి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టించండి. కొత్తవాళ్లని చేర్చడానికి గడువు ఉంటుంది, దాటితే మళ్లీ రెన్యువల్ దాకా ఆగమంటారు.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు అడగని విషయం. మీవారికి రేపు ఏమన్నా అయితే? ఉన్నది పది లక్షల పాత ఎల్‌ఐసీ పాలసీ ఒక్కటే. బాబు రాకపోయినా ఇది తక్కువే, వస్తే అసలు చాలదు. నెలకి సుమారు రెండు మూడు వేలు కడితే కోటిన్నర టర్మ్ పాలసీ వస్తుంది, ఆయనకి పొగతాగే అలవాటు లేకపోతే. దాన్ని ఎండబ్ల్యూపీ (మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ) చట్టం కింద రాయించమని ఏజెంటుకి గట్టిగా చెప్పండి, 1874 నాటి చట్టం, భార్యాపిల్లల కోసం తీసుకున్న పాలసీ డబ్బు అప్పులవాళ్ల చేతికి పోకుండా కాపాడుతుంది, డబ్బు చూసుకోవడానికి ట్రస్టీని కూడా పెట్టుకోవచ్చు. పాలసీ కొనేటప్పుడే రాయించాలి, తర్వాత మార్చరు. ఈ ప్రీమియం కోసం పాత పాలసీని పెయిడప్ (ఇక ప్రీమియం కట్టకుండా, కట్టినదాని మేరకే ఉంచడం) చేయించడం గురించి ఆలోచించండి, ఆ మూడు వేలు ఇటు వస్తాయి.

వీలునామా కూడా రాయండి, ఇద్దరూ. దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి బాబు మీ పాపతో సమానంగా వారసుడు, చట్టానికి తేడా లేదు. (ఆ ఉత్తర్వు ఇప్పుడు కోర్టు కాదు, 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరే ఇస్తారు.) కానీ బాబు పేరు మీద నేరుగా డబ్బు, స్థలం పెట్టే ముందు ఆగండి, పెద్దయ్యాక సొంతంగా చూసుకోగలడో లేదో ఇంకా తెలియదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న చాలామంది పిల్లలకి తెలివితేటలకి ఏ లోటూ ఉండదు, వాళ్ల డబ్బు వాళ్లే చూసుకుంటారు. చూసుకోలేని పరిస్థితి అయితే 18 నిండాక కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ద్వారా గార్డియన్‌ని పెట్టుకోవచ్చు. ఆ గార్డియన్ మీ పాపే అవ్వాలని ఇప్పుడే రాసిపెట్టొద్దు, ఆమెకి తొమ్మిదేళ్లు. పెద్దయ్యాక తనంతట తను ముందుకొస్తే అంతకన్నా సంతోషం లేదు. అప్పటిదాకా మీ తమ్ముణ్నో మరిదినో, వయసులో మీకన్నా చిన్నవాళ్లని ఒకరిని అడిగి ఒప్పించి పెట్టుకోండి.

మీ అత్తగారి మాట దగ్గర నేను మీ పక్షానే ఉన్నాను. ఆమె మాటలో ద్వేషం లేదు, మనవరాలికి తక్కువవుతుందేమోనన్న బెంగ ఉంది. పాప పేరు మీద సుకన్య ఖాతా ఉంటే దాన్ని అలాగే నడపండి, లేకపోతే ఆమెకి పదేళ్లు నిండకముందే తెరవండి, నెలకి వెయ్యి అయినా సరే. ఆ పాస్‌బుక్కు అత్తగారికి చూపించండి, ఏ పరిస్థితిలోనూ బాబు కోసం దాన్ని మేం ముట్టుకోం అని చెప్పండి. మాట ఇచ్చాక నిజంగానే ముట్టుకోవద్దు.

కారాలో రిజిస్ట్రేషన్ కోసం చీటీ అయ్యేదాకా ఆగక్కర్లేదు. హోమ్ స్టడీ (సోషల్ వర్కరు మీ ఇంటి పరిస్థితి చూసి రాసే రిపోర్ట్) అవ్వడానికి సమయం పడుతుంది, ఆ సోషల్ వర్కరు మీ ఆదాయం, అప్పులు అడుగుతారు, దాచకుండా చెప్పండి. ఈలోగా మీకు తగిన బిడ్డ కుదిరి, బాబు ముందే వచ్చేలా ఉంటే అప్పుడు చీటీ పాడుకోండి, కాస్త తక్కువ వచ్చినా పర్వాలేదు, కాకపోతే మిగిలిన కంతులు తప్పకుండా కట్టాలి కాబట్టి అందుకు సరిపడా డబ్బు ఆ మొత్తంలోంచే వేరే ఖాతాలో వేసేయండి. టర్మ్ పాలసీకి మాత్రం ఈ నెలలోనే అప్లై చేయించండి, 39 వస్తే ప్రీమియం పెరుగుతుంది.