అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో వదిలేయాలా?

వదిలేయాలని లేదు, రాజ్యాంగంలోని 22వ అధికరణ ప్రకారం 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ప్రయాణానికి పట్టే సమయాన్ని అందులో లెక్కించరు. పట్టుకున్నవాళ్లే ఆ నిర్బంధం సబబో కాదో తేల్చకూడదు, అందుకే ఈ నియమం. శనివారం రాత్రి 10 గంటలకు తిరుపతి బస్టాండులో ఒకరిని అరెస్టు చేశారనుకోండి. ఆదివారం కోర్టుకు సెలవు, సోమవారం చూద్దాం అంటే కుదరదు. మేజిస్ట్రేటు ఇంటికైనా తీసుకెళ్లాల్సిందే. అక్కడ బెయిల్ రావచ్చు, రిమాండూ పడొచ్చు. చాలామంది ఆ 24 గంటలూ పోలీసుల కోటా అనుకుంటారు. కాదు, అది గరిష్ఠ పరిమితి. అవసరం లేకుండా అంతసేపు ఉంచడానికి వీల్లేదు. అన్నట్టు, పీడీ యాక్టు లాంటి ముందస్తు నిర్బంధ చట్టాల కింద పట్టుకుంటే మాత్రం ఈ నియమం వర్తించదు.