విటమిన్ సి కలిపినా స్టర్జన్ చేపపిల్లలు ఎందుకు ఎదగడం లేదు?

రెండు నెలలుగా మేతలో విటమిన్ సి, ప్రోబయోటిక్ (మేలుచేసే సూక్ష్మజీవులు) కలుపుతున్నా స్టర్జన్ పిల్లలు ఎదగడం లేదన్నారు కదండీ. విటమిన్ సి మీద డబ్బు తగలేయకండి. చాలా చేపల్లా కాకుండా స్టర్జన్ దాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. నా అనుమానమంతా మేత గుళికల మీదే. ఇది చూసి తినే చేప కాదు. మూతి కింది నాలుగు మీసాలతో అడుగున తడుముకుంటూ నింపాదిగా తింటుంది. ఈలోగా గుళిక నాని చెదిరితే కలిపినదంతా నీటిపాలే. పది గుళికలు గ్లాసు నీళ్లలో వేసి అరగంట చూడండి. తేలినా, పిండిపిండైనా మేత మార్చండి. ప్రోబయోటిక్‌ను కొద్దిగా చేపనూనెతో గుళికలకు పట్టించి, ఆరాక వేయండి. అన్నట్టు, నీటి వేడి ఎంతో రాయలేదు. సైబీరియన్ రకమైతే 18-20 డిగ్రీల దగ్గర బాగా తింటుంది. ఆక్సిజన్ లీటరుకు 6 మిల్లీగ్రాముల కంటే తగ్గనీయకండి.